ఒక మిల్లీగ్రాము ఎక్కువ

టిల్లర్ గ్రోవ్, మిన్నెసోటా
జూలై 9

కోరిన్,

ఈ ఉత్తరంతో పాటు చిన్న అట్టపెట్టె ఒకటి పంపుతున్నాను. నీ పేరు మీదే వస్తుంది, నువ్వే తెరువు. ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావేమో. నా చెవుల సంగతి నీకు తెలుసు. నువ్వు గొంతు చించుకుంటేగానీ నాకు వినపడదు. నువ్వు షెరీఫ్ భార్యవి, ఒక పోలీసు అధికారి వంటింట్లో నిలబడి గొంతు చించుకోవాల్సిన సంగతి కాదిది.

ఆదివారం మా తమ్ముడు వచ్చాడు. గడ్డి కోసే యంత్రం బ్లేడు తీసుకెళ్ళడానికట. బ్లేడు తీసుకోకుండానే వెళ్ళిపోయాడు. కోరిన్ ఎలా ఉందిరా అంటే 'బాగానే ఉంది' అన్నాడు. తింటోందా అంటే కిటికీలోంచి బయటికి చూసి, 'మీ వైపు మొక్కజొన్న ఏపుగా ఉందక్కా' అన్నాడు. వాణ్ణి పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. వాడు పంట గురించి మాట్లాడాడంటే ఇంట్లో ఏదో బాగాలేదని అర్థం. నాన్న పోయిన రోజు వచ్చిన వాళ్ళందరికీ సోయా చిక్కుడు గురించే చెప్పాడు.

ఇక పెట్టెలో ఉన్నవి. మా ఆయన పోయాక పాత పాలకేంద్రం తీసుకుని మిఠాయిలు చేస్తున్నానని నీకు తెలుసు. ఏ మిఠాయిలో నీకెవరూ చెప్పి ఉండరు. మా తమ్ముడికి తెలుసుగానీ వాడు ఆ మాట ఎత్తడు. పుల్లటి రూబార్బ్ కాడలతో చేసిన జెల్లీ బిళ్ళలు. వాటిలో హెంప్ మొక్క నుంచి తీసిన టీహెచ్‌సీ ఉంటుంది. అవును, గంజాయిలో మత్తెక్కించేదీ అదే. బిళ్ళకి అయిదు మిల్లీగ్రాములు. మా రాష్ట్రంలో ఇది చట్టప్రకారం మిఠాయే. నా పేరు ప్రభుత్వం దగ్గర నమోదై ఉంది. ప్రతి వాయీ పరీక్షకి పోతుంది. ఇరవై ఒకటి నిండనివాళ్ళకి అమ్మను. మా చర్చి మహిళా మండలిలో సగం మంది కొంటారు, మిగతా సగం మొగుళ్ళని పంపిస్తారు.

నీలాగే కీమో చేయించుకున్నవాళ్ళు కొందరు ఇది తింటే ఆకలి తెలుస్తోందన్నారు. మీ డాక్టర్ని అడిగి తిను. మనిద్దరికీ ఈ ముప్పై ఏళ్ళలో పెద్దగా మాటలు లేవు, నాకు తెలుసు. మాటలు లేకపోతే పోయె, తిండి మానకు.

ఆర్డిస్

*

హోల్మ్ ప్రెయిరీ, అయోవా
జూలై 18

ఆర్డిస్ వదిన గారికి,

పెట్టె అందింది. మీరు నన్ను తలచుకున్నందుకు సంతోషం. కానీ వాటిని నేను తినలేను.

ఈ నెల మొదటి తేదీ నుంచి మా రాష్ట్రంలో కొత్త చట్టం వచ్చింది. బిళ్ళకి నాలుగు మిల్లీగ్రాములు మించకూడదు, పెట్టె మొత్తానికి పది మించకూడదు. మీవి బిళ్ళకి అయిదు, పెట్టెకి పది బిళ్ళలు. మీ ఊళ్ళో అది మిఠాయి. ఇరవై మైళ్ళు దక్షిణానికి వస్తే సాక్ష్యాల గదిలో పెట్టాల్సిన సరుకు.

పోయిన వారం మీ తమ్ముడు మా ఊళ్ళో లైల్ ఓల్ట్‌మన్స్ అనే ఆయన నడిపే పెట్రోల్ బంకుకి వెళ్ళి కౌంటరు మీదున్న ఇలాంటి పెట్టెలన్నీ స్వాధీనం చేసుకున్నారు. లైల్ మా చర్చి వాడే. 'రోలిన్, జూన్ ఆఖర్న నీ ఎదురుగానే అమ్మాను కదయ్యా. నువ్వు ఇక్కడే నిలబడి కాఫీ తాగుతున్నావు' అన్నాడట. 'అప్పుడు జూన్' అన్నారట ఈయన.

అందుకని మీ పెట్టెని ఫ్రీజర్లో, నిరుటి జింక మాంసం వెనక పెట్టాను. పారేద్దామంటే, ఈ ఊళ్ళో ఎవరి చెత్తలో ఏముందో అందరికీ తెలుసు. డాక్టర్ని అడిగాను. 'తినమని నేను చెప్పలేను, తినొద్దనీ నేను చెప్పలేదు' అని, నా వంక కాకుండా గోడ వంక చూశాడు.

ఒక సందేహం. నా కోసం కాదు. ఒక మనిషి మధ్యాహ్నం భోజనం మానేసి ఒక బిళ్ళ తిన్నదనుకోండి. ఎంతసేపటికి తెలుస్తుంది? ఏమీ తెలియడం లేదని ఇంకోటి తినవచ్చా? అయిదో వంతు కత్తితో కోసేస్తే మిగిలింది నాలుగు మిల్లీగ్రాములే కదా, అది చట్టబద్ధం అవుతుందా? అయితే ఆ కోసిన ముక్కని ఏం చేయాలి?

మీ మరదలు
కోరిన్

*

టిల్లర్ గ్రోవ్
జూలై 22

కోరిన్,

ఆ మనిషికి వెంటనే చెప్పు, రెండోది తినవద్దని. ఏమీ తెలియడం లేదని రెండోది తిన్నవాళ్ళకి ఆ తర్వాత చాలా తెలుస్తుంది. గంటన్నర ఆగాలి, రెండు గంటలైనా ఆగాలి. బండి నడపకూడదు. కోయడం గీయడం పెట్టుకోవద్దు. కోసిన ముక్క ఏం చేయాలని అడుగుతున్నావంటే అది ఎక్కడికి వెళ్ళిందో నాకు అర్థమైంది.

నాలుగు మిల్లీగ్రాములవి రెండేసి పెట్టెల్లో పెట్టి పంపుదామని మీ రాష్ట్రం ఆఫీసుకి ఈమెయిల్ రాశాను. అక్కడ నమోదు కాని సరుకు నాలుగైనా అయిదైనా ఒకటేనట. నమోదు చేయించుకోవచ్చట. అయ్యేసరికి క్రిస్మస్ వస్తుందని ఆ అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది. అప్పటిదాకా ఆ మనిషి ఏం తింటుందని నేను ఆ అమ్మాయిని అడగలేదు. అది ఆ అమ్మాయి శాఖ కాదు.

ఇంతకీ ఆ మనిషి మొగుడు నాకు తెలిసినవాడేనా?

ఆర్డిస్

*

హోల్మ్ ప్రెయిరీ
ఆగస్టు 3

వదినా,

ఆ మనిషి నేనే.

మీ పెట్టె వచ్చిన మూడో రోజే తిన్నాను. గంటసేపు ఏమీ లేదు. తర్వాత వంటింట్లో గడియారం తన పని చాలా శ్రద్ధగా చేస్తోందనిపించింది. ఆ తర్వాత ఆకలేసింది. వదినా, ఏప్రిల్ నుంచీ నేను ఆ మాట మర్చిపోయాను. పక్కింటావిడ తెచ్చిన హాట్‌డిష్ ఉంది, మాంసం మీద బంగాళాదుంపలు పేర్చి కాల్చింది. ఎప్పుడూ ఉప్పెక్కువ వేస్తుందావిడ. పొయ్యి దగ్గరే నిలబడి రెండు పళ్ళేలు తిన్నాను.

సగంలో మీ తమ్ముడు వచ్చారు. టోపీ కూడా తీయలేదు. గుమ్మంలోనే నిలబడి చూశారు. "ఇంకా ఉందా?" అన్నారు. "నీకా?" అన్నాను. "నీకు" అన్నారు. తర్వాత గరాజ్‌లోకి వెళ్ళి గడ్డి కోసే యంత్రం నడిపించారు. చాలాసేపు నడిచింది. గరాజ్‌లో గడ్డి లేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. నేను రోజు విడిచి రోజు పావు ముక్క తింటూ వచ్చాను, కాస్త ఒళ్ళు చేశాను. ఆదివారం చర్చిలో, ఇన్నేళ్ళలో కానుకల పళ్ళెం అందించడానికి తప్ప లేవని మనిషి, లేచి నిలబడ్డారు. "కోరిన్ తింటోంది. మీ ప్రార్థనలు ఫలించాయి" అన్నారు. అంతే, కూర్చున్నారు. సగం చర్చి ఏడ్చింది. బయటికి వచ్చాక నన్ను మొదట కావలించుకున్నది ఎవరో తెలుసా? వెర్నా ఓల్ట్‌మన్స్. లైల్ భార్య. నా కోసం వంతులవారీగా ప్రార్థనలు ఏర్పాటు చేసింది ఆవిడే. ఆవిడ మొగుడి మీద మా ఆయన కేసు రాశారు. నా కడుపులో ఉన్నది ఆవిడ మొగుడు అమ్మిన సరుకు లాంటిదే.

"నీ బుగ్గలకి రంగొచ్చింది కోరిన్" అంది. నేను "రూబార్బ్" అన్నాను. ఉత్త కాడలే అనుకుంది.

చెప్పాలంటే భయంగా ఉంది. ఆయన కోపానికి కాదు. ఆ గరాజ్‌లో చప్పుడు గుర్తొచ్చి.

కోరిన్

*

టిల్లర్ గ్రోవ్
ఆగస్టు 11

కోరిన్ పిల్లా,

చెప్పెయ్. రేపు చెబుదామనుకున్న కొద్దీ వాడు ఇంకొంతమందికి కృతజ్ఞతలు చెబుతాడు.

మా తమ్ముడు చిన్నప్పుడు అద్దం పగలగొట్టి, ఎవరూ అడగకముందే పక్కింటికి వెళ్ళి ఒప్పుకుని, వాళ్ళు ఊళ్ళో లేకపోతే వచ్చేదాకా వాళ్ళ మెట్ల మీద కూర్చున్నాడు. అంత బిగువైనవాడికి ఇంట్లో ఇంత మెత్తని మనసు ఉంటుందని నేను అనుకోలేదు. నువ్వే వాణ్ణి మాటలు లేనివాడిగా మార్చావేమోనని నీ మీద కాస్త కోపం ఉండేది కూడా. గరాజ్ సంగతి చదివాక ఆ కోపం పోయింది.

ఇంకో పెట్టె పంపను. వాడికి చెప్పేవరకూ పంపను.

ఆర్డిస్

*

హోల్మ్ ప్రెయిరీ
సెప్టెంబరు 2

వదినా,

నేను చెప్పే అవసరం రాలేదు. శనివారం మొక్కజొన్న కంకుల కోసం మీ తమ్ముడు ఫ్రీజర్ తెరిచారు.

పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టారు. టోపీ తీసి దాని పక్కన పెట్టారు.

"అక్క చేసిందే ఇది."

"అవును."

"పది ఉండాలి. నాలుగున్నాయి."

"లెక్క నీకు బాగానే వచ్చు."

"అయితే నీ ఆకలి..."

"అవును."

చాలాసేపు పెట్టె మీద అక్షరాలు చదివారు. పదార్థాల పేర్లు, హెచ్చరిక, అన్నీ.

"నేను చర్చిలో లేచి నిలబడ్డాను కోరిన్."

"చూశాను."

"నువ్వు పక్కనే కూర్చున్నావు."

"నీ కోటు పట్టుకుని కిందికి లాగాను. నువ్వు ప్రేమ అనుకున్నావు."

"ప్రేమే అనుకున్నాను" అన్నారు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆయన లేచి నాకు నీళ్ళు తెచ్చి ఇచ్చి, పెట్టె తీసుకుని ఆఫీసుకి వెళ్ళారు. తన ఇంట్లో తానే స్వాధీనం చేసుకున్నట్టు రిపోర్టు రాశారు. నివాసంలో ఎవరున్నారు అన్నచోట 'నేను, నా భార్య' అని రాశారట.

ఆ రిపోర్టు తీసుకెళ్ళి, కేసులు పెట్టే కౌంటీ ప్రాసిక్యూటర్ బల్ల మీద పెట్టారు. ఆ అమ్మాయి పేరు బ్రాంట్, మా పిల్లాడితో చదువుకుంది. చదివి, కాగితం తిరగేసి పెట్టి, "రోలిన్ గారూ, మీరు నాకేమీ చెప్పలేదు, నేనేమీ వినలేదు" అందట. ఈయన మళ్ళీ మొదటి నుంచి చెప్పారట, ఈసారి గట్టిగా.

"రెండు నెలల్లో ఎన్నికలున్నాయండీ" అంది ఆ అమ్మాయి.

"నాకు తెలుసు. పోటీ చేస్తున్నది నేనే."

"ఏం చేయమంటారు మరి?"

"లైల్ మీద కేసు పెడితే మా ఇంటి మీదా పెట్టు. మా ఇంటి మీద పెట్టకపోతే లైల్‌ది తీసెయ్. నాలుగుకీ అయిదుకీ తేడా ఉంటే అందరికీ ఉండాలి."

ఏం చేస్తుందో తెలియదు. పెట్టె మాత్రం ఇప్పుడు లైల్ పెట్టెల పక్కనే అరలో ఉందట. ఇవాళ మధ్యాహ్నం సూప్ తాగాను, నాలుగు చెంచాలు. ఆయన ఎదురుగా కూర్చుని చూశారు. తర్వాత బయటికి చూసి, "మొక్కజొన్న మీద ఈసారి పురుగు లేదు" అన్నారు.

కోరిన్

*

టిల్లర్ గ్రోవ్
సెప్టెంబరు 6

రోలిన్,

నీ నిజాయితీ చూస్తే నాన్న గర్వపడేవాడు. నాన్న ఎవరికీ ఎప్పుడూ వండిపెట్టలేదు.

చట్టం నువ్వు రాయలేదు, ఒప్పుకుంటాను. నేనూ రాయలేదు. నా పాలకేంద్రం గడప దాటకుండా నేను చట్టం లోపలే ఉన్నాను, నీ కౌంటీ దాటకుండా నువ్వూ లోపలే ఉన్నావు. మధ్యలో నీ భార్య నాలుగు చెంచాల సూప్ తాగుతోంది. నీకు అంత చట్టం తెలుసు కదా, అందులో ఆమె భోజనం చేయగలిగే చోటు ఎక్కడుందో వెతుకు. పంట గురించి రాశావంటే చదవకుండా పొయ్యిలో పడేస్తాను.

అక్క

*

హోల్మ్ ప్రెయిరీ
సెప్టెంబరు 12

అక్కా,

వెతికాను.

రెండు రాష్ట్రాల సరిహద్దు మీదున్న స్టేట్ లైన్ రోడ్డు మధ్యగీతకి ఉత్తరం వైపు మిన్నెసోటా. ఉత్తరం గట్టు మీద బండి ఆపి భోజనం చేయడానికి అనుమతి కావాలా అని మీ కౌంటీ షెరీఫ్‌ని అడిగాను. అక్కర్లేదన్నాడు. ఎందుకని అడిగాడు, చెప్పాను. తర్వాత మడత బల్ల ఉందా అని అడిగాడు. ఉందన్నాను.

తిన్నాక ఆమె మా రాష్ట్రంలోకి రావచ్చు. కడుపులో బిళ్ళ ఉండగా స్టీరింగు పట్టుకోకపోతే చాలు. నేనే నడుపుతాను. బిళ్ళలు మాత్రం గీత దాటి ఇవతలికి రాకూడదు. ఆ గట్టు పక్క పాడి టోర్వల్డ్ లీన్ అనే రైతుది. పాలగదిలో ఫ్రిజ్ ఉంది. దాచిపెడతావా అని అడిగితే తలూపాడు. పెట్టె అతనికి ఇవ్వు.

రోలిన్

ఇంకేమీ రాయలేదు, గమనించు.

*

హోల్మ్ ప్రెయిరీ
అక్టోబరు 15

వదినా,

వానైతే తప్ప రోజూ వెళ్తున్నాం. సాయంత్రం ఆయన డ్యూటీ దిగాక యూనిఫాం మార్చుకుని, మడత బల్ల, రెండు కుర్చీలు, గుడ్డలో చుట్టిన వేడి గిన్నె బండిలో పెడతారు. గట్టు మీద బల్ల వేస్తారు, కాళ్ళు నాలుగూ ఉత్తరం వైపే ఉన్నాయో లేదో వంగి చూస్తారు. టోర్వల్డ్ పాలగదిలోంచి వచ్చి ఒక బిళ్ళ నా అరచేతిలో పెట్టి, తలూపి, లోపలికి పోతాడు. నెల దాటింది, అతని గొంతు నేను వినలేదు.

అప్పటి నుంచి గంటన్నర ఏం చేస్తామని అడుగుతారేమో. మాట్లాడుకుంటాం. మీరు నమ్మరు. ముప్పై రెండేళ్ళ కాపురంలో ఆయన అంత మాట్లాడగా నేను వినలేదు. ఇంట్లో అయితే రేడియో ఉంటుంది, ఫోన్ ఉంటుంది. అక్కడ మొక్కజొన్న చేలే కదా. మొన్న మా మొదటి ఇంటి కప్పు కారిన సంగతి చెప్పి నవ్వారు. తర్వాత గిన్నె మూత తీస్తాం. తింటాను. ఆయన చూస్తారు.

లైల్ మీద కేసు తీసేశారు. తిరిగొచ్చిన సరుకుని అతను కొన్నచోటికి తిప్పి పంపేశాడు. కానీ రిపోర్టు సంగతి బయటికి పొక్కింది, పత్రికలో వచ్చింది. షెరీఫ్ ఇంట్లో నిషేధిత మిఠాయి అని పెద్ద అక్షరాలు. కొందరు ఈయన మెత్తబడ్డారంటారు, కొందరు సొంత భార్యనే పట్టించాడంటారు. రెండు వైపులా ఓట్లు పోతున్నాయి. వెర్నా మా ఇంటికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. కుర్చీలో కూర్చుని, "నేను చేసిన ప్రార్థన వృథా పోయినట్టేనా?" అంది. "నువ్వు ఏమని ప్రార్థించావు?" అన్నాను. "నువ్వు తినాలని." "తిన్నాను కదా" అన్నాను. వెర్నా కాఫీ ఇంకో కప్పు పోయమంది.

కోరిన్

*

టిల్లర్ గ్రోవ్
నవంబరు 8

కోరిన్,

రేడియోలో విన్నాను, మా తమ్ముడు ఓడిపోయాడు. కొద్దిలో పోయిందట. వాడికి ఏమీ చెప్పకు, నేనూ చెప్పను. వాడికి ఇష్టమైన గుమ్మడి రొట్టె టోర్వల్డ్‌కి ఇచ్చి వచ్చాను. అందులో ఏమీ కలపలేదు, గుమ్మడికాయే. అలాగని అట్ట మీద రాశాను, లేకపోతే వాడు గీత దాటించడు.

చలి ముదురుతోంది. బండిలో కూర్చుని తినండి.

ఆర్డిస్

*

హోల్మ్ ప్రెయిరీ
జనవరి 8

వదినా,

డిసెంబరు స్కాన్‌లో ఏమీ కనిపించలేదు. ఫోన్లో మీకు వినపడిందో లేదో అని మళ్ళీ రాస్తున్నాను. ఏమీ కనిపించలేదు.

ఇప్పుడు మీకు ఒక సంగతి చెప్పాలి. పంట కోతలు అయినప్పటి నుంచే నాకు ఆ బిళ్ళల అవసరం తీరిపోయింది. కీమో ఆగింది, ఆకలి దానంతటదే వచ్చింది. ఆయనకి చెప్పలేదు. చెబితే సాయంత్రాలు ఆగిపోతాయి. ఓడిపోయినవాణ్ణి ఇంట్లో రేడియో ముందు కూర్చోబెట్టడం నాకిష్టం లేదు. టోర్వల్డ్‌కి మాత్రం ఒకరోజు చెవిలో చెప్పాను. ఆ మర్నాటి నుంచి అతను పాలగదిలోంచి ఖాళీ గుప్పిట తెచ్చి, నా అరచేతిలో ఏమీ లేనిది పెట్టి, తలూపి వెళ్ళిపోతున్నాడు. నేను ఏమీ లేనిది నోట్లో వేసుకుని నములుతున్నాను. అతని ముఖంలో ఏ మార్పూ లేదు. అలాంటి మనిషి షెరీఫ్‌గా నిలబడితే గెలిచేవాడు.

కొత్త షెరీఫ్ ప్రమాణం చేసిన మొదటి వారం. నిన్న మంచు పడింది. బండిలోనే కూర్చున్నాం, హీటరు వేసుకుని. టోర్వల్డ్ వచ్చాడు. ఈయన అద్దం దించి, "నాక్కూడా ఒకటి" అన్నారు. మోకాళ్ళు నొప్పట. ఇన్నేళ్ళు యూనిఫాంలో ఉండి అడగలేకపోయిన మాట.

టోర్వల్డ్ నా వంక చూశాడు. మొదటిసారి మాట్లాడాడు. "లోపలికెళ్ళి తేవాలి" అన్నాడు.

ఈయనకి అర్థం కాలేదు. "ఆమెకి తెచ్చావుగా? అది నాకివ్వు."

టోర్వల్డ్ మంచులో నిలబడి ఖాళీ గుప్పిట విప్పాడు. నేను చెప్పేశాను.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నారు.

"కోతలు అయినప్పటి నుంచి."

"మరి రోజూ ఇంతదూరం ఎందుకొస్తున్నాం?"

"నువ్వు తీసుకొస్తున్నావు కాబట్టి."

ముందు అద్దంలోంచి చాలాసేపు చూశారు. అక్కడ మంచు తప్ప ఏమీ లేదు. నేను పంట మాట వస్తుందనుకున్నాను, కానీ చేలన్నీ మంచు కింద ఉన్నాయి. చివరికి టోర్వల్డ్ వైపు తిరిగి, "ఒకటి తెచ్చిపెట్టు బాబూ. ఆవిడ నడుపుతుంది" అన్నారు.

తిన్నారు. ఎప్పటిలా గంటన్నరకి భోజనం చేశాక దిగి, మంచులో అటు చుట్టూ తిరిగి వచ్చి, నా వైపు తలుపు తెరిచి పట్టుకున్నారు. ఏడాది తర్వాత నేను స్టీరింగు పట్టుకున్నాను. ఇంటికొచ్చేదాకా నిదానంగా పోనిచ్చాను. సగం దారిలో ఆయన, వైపర్లు చాలా క్రమశిక్షణగా ఉన్నాయన్నారు.

ఇంటికొచ్చాక రెండోసారి ఆకలేసిందన్నారు. హాట్‌డిష్ వేడిచేసి పెట్టాను. వెర్నా చేసింది. టోపీ లేకుండా, బల్ల దగ్గర కూర్చుని, మూకుడు గీకేదాకా తిన్నారు. నేను ఎదురుగా కూర్చుని చూశాను.

రేపు మళ్ళీ వెళ్తున్నాం. ఏమీ తినాల్సిన పనిలేదు, భోజనం తప్ప.

మీ
కోరిన్